వాడిదీ ఒక బతుకేనా?

పోయిన నెల రాజమండ్రిలో చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన, వరసకి మావయ్య అవుతారు, పెరుగన్నం కలుపుకుంటూ దూరంగా వంటల షామియానా పక్కన కుర్చీలో కూర్చున్న మా అన్నయ్య వైపు చూశారు. చూసి, "పాపం రా... వాడిదీ ఒక బతుకేనా? ఆ దేవుడు తొందరగా తీసుకుపోతే అక్కయ్యకైనా కాస్త విశ్రాంతి" అన్నారు.

ఆయన చెడ్డ మనిషేం కాదు. మా పెదనాన్న పోయినప్పుడు పదమూడు రోజులూ ఇంట్లోనే ఉండి అన్నీ దగ్గరుండి చూసుకున్న మనిషి. జాలితోనే అన్నారు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. మండితే ఏం లాభం, పెళ్ళిలో గొడవెందుకని నోరు మూసుకుని బూరె తినేసి లేచొచ్చేశాను. ఆ బూరె ఇంకా అరగలేదు. అక్కడ ఆయనకి చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నా. కాస్త పెద్ద టపా, ఓపిక చేసుకోండి.

ముందు అన్నయ్య గురించి. మా పెద్దమ్మ కొడుకు. 32 ఏళ్ళు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆటిజం. వాడికున్న మాటలు పదో పదిహేనో, అవి కూడా వాడికి బుద్ధి పుడితేనే బయటికొస్తాయి. (ముందే చెప్తున్నా, వాడు 'రెయిన్ మ్యాన్' సినిమాలోలాగా లెక్కలు చెయ్యడు, ఏ తేదీ ఏ వారమో చెప్పడు. దయచేసి అడక్కండి.) వాడికి ఇష్టమైనవి: గ్రైండర్ తిరుగుతుంటే దాని మీద చెయ్యేసుకుని కూర్చోవడం, ఉతికిన తువ్వాళ్ళు మడతపెట్టడం, వాన పడుతుంటే చూరు కింద నిలబడటం. ఇష్టం లేనివి: కుక్కర్ విజిల్, పెళ్ళి బ్యాండు, కూరలో కూర కలవడం, చెప్పకుండా ఎవరైనా ముట్టుకోవడం. భరించలేకపోతే తన చెయ్యి తనే కొరుక్కుంటాడు. ఆపబోతే ఆపిన చెయ్యి కొరుకుతాడు. పెద్దమ్మ ముంజేతి మీద ఆ గాట్లు ఉన్నాయి. ఇవన్నీ దాచిపెట్టి 'దేవుడిచ్చిన వరం' అని పాట పాడటానికి నేను రాలేదు.

రెండేళ్ళ క్రితం పెద్దమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండాలన్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. శుభలేఖలు మూడొందలు పంచే కుటుంబం మాది. అందులో వాడికి అన్నం పెట్టడం తెలిసినవాళ్ళు ఒక్కళ్ళూ లేరు! పెదనాన్న లేరు, పెద్దమ్మ ఒక్కతే. ఎవరెవరో ఫోన్లు చేసుకుని, చివరికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్నవాణ్ణి నేనే కాబట్టి లాప్‌టాప్ పట్టుకుని తణుకు వెళ్ళాను. ఇష్టపడి వెళ్ళానని చెప్పను. చిన్నప్పుడు ఫ్రెండ్స్ వస్తున్నారంటే వాణ్ణి వెనక గదిలో ఉంచమని పెద్దమ్మని అడిగినవాణ్ణి నేను.

మొదటి రెండు రోజులు నరకం. తినడు, పడుకోడు. ఏడుస్తాడు, ఎందుకో తెలీదు. రెండో రోజు సాయంత్రానికి "ఇక నావల్ల కాదు" అని అమ్మకి ఫోన్ చేశాను. మూడో రోజు పొద్దున వాడు నా చొక్కా పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి గ్రైండర్ ముందు నిలబెట్టాడు. పప్పు నానబెట్టి లేదు. సరే అని కాసిని నీళ్ళు పోసి స్విచ్చి వేశాను. వాడు దాని మీద చెయ్యేసి కళ్ళు మూసుకుని అరగంట కూర్చున్నాడు. లేచి వచ్చి, అన్నం వేరే గిన్నెలో, పెరుగు వేరే గిన్నెలో పెడితే మొత్తం తిన్నాడు. వాడు నాతో రెండు రోజుల నించీ మాట్లాడుతూనే ఉన్నాడు. నేనే వినలేదు.

ఆపరేషన్ ముందురోజు రాత్రి పెద్దమ్మ మా అమ్మతో అన్న మాట నా చెవిన పడింది. "రోజూ ఒకటే దణ్ణం పెట్టుకుంటున్నానే. నాకంటే ఒక్కరోజు ముందు వాణ్ణి తీసుకుపొమ్మని."

ఇలాంటి పిల్లలున్న ఇళ్ళకి ఈ మాట కొత్త కాదు, చాలామంది తల్లిదండ్రులు మనసులో అనుకునేదే. మావయ్యగారి మాటా, పెద్దమ్మ మాటా పైకి ఒకటిలాగే వినిపిస్తాయి. జాగ్రత్తగా చూడండి. మావయ్యగారు అంటున్నది వాడి బతుకులో ఏమీ లేదని. పెద్దమ్మ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. వాడు ఎప్పుడు నవ్వుతాడో, ఏ తువ్వాలు కావాలంటాడో ఆవిడకి తెలుసు. ఆవిడ భయమల్లా తను పోయిన మర్నాటి నుంచీ మనం వాడి బతుకుని ఏం చేస్తామో అని. ఒకటి వాడి మీద తీర్పు. రెండోది మన మీద తీర్పు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి వివరణ.

"వాడిదీ ఒక బతుకేనా" అన్న ప్రశ్న భోజనాల బల్ల దగ్గర అమాయకంగా వినిపిస్తుంది కానీ దానికో చరిత్ర ఉంది. 1920లో జర్మనీలో కార్ల్ బిండింగ్ అనే న్యాయ ప్రొఫెసరూ, ఆల్ఫ్రెడ్ హోష అనే మానసిక వైద్యుడూ కలిసి ఒక పుస్తకం వేశారు. బతకడానికి అర్హత లేని బతుకుల్ని అంతం చెయ్యడానికి చట్టం ఒప్పుకోవాలన్నది దాని సారాంశం. తర్వాత ఇరవై ఏళ్ళకి నాజీ ప్రభుత్వం ఆ పని నిజంగానే చేసింది. వియన్నాలో ఆమ్ స్పీగెల్‌గ్రుండ్ అనే పిల్లల ఆసుపత్రిలో 1940-45 మధ్య దాదాపు 800 మంది పిల్లల్ని చంపేశారు. అదే వియన్నాలో 1944లో ఆటిజం గురించి రాసిన డాక్టర్ హాన్స్ ఆస్పెర్గర్. ఆయన్ని పిల్లల్ని కాపాడిన మహానుభావుడిగా చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత రికార్డులు తవ్వి తీస్తే, పిల్లల్ని ఆ ఆసుపత్రికి సిఫార్సు చేసిన కాగితాల మీద ఈయన సంతకాలు కూడా బయటపడ్డాయి.

ఇక్కడ మనం చూడాల్సింది ఏమిటంటే, ఆస్పెర్గర్ పిల్లలందర్నీ ఒకేలా చూడలేదు. తెలివైనవాళ్ళ గురించి బాగా మెచ్చుకుంటూ రాశాడు. వీళ్ళలో కొందరు పెద్దయ్యాక తమ తమ రంగాల్లో రాణిస్తారు, సమాజానికి పనికొస్తారు అని వాదించాడు. పనికొచ్చేవాళ్ళ తరఫున గట్టిగా వాదించడం అంటే పనికిరానివాళ్ళని వదిలెయ్యడానికి తలుపు తీసి ఉంచడమే. ఆ తలుపులోంచి ఎవరు వెళ్ళారో పైన చెప్పాను.

హిట్లర్ దాకా ఎందుకు, మా పెద్దాయన ఒక్క మాటంటే ఇంత గొడవా అంటారేమో. మావయ్యగారిని నాజీ అనడం లేదు, మహాప్రభో! ఆ ప్రశ్నకి 'కాదు' అని జవాబు చెప్పే అధికారం పక్కవాళ్ళ చేతిలో పెడితే కథ ఎంతదూరం పోతుందో చెబుతున్నా.

సరే, ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి. మావాళ్ళు ఈ విషయంలో తెగ ఆధునికులు. "ఆటిజం లోపం కాదు, సూపర్ పవర్" అంటారు. ఎవడైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా కోడ్ రాస్తుంటే "వీడు కొంచెం ఆటిస్టిక్" అని జోకులేస్తారు. 2013లో శాప్ కంపెనీ 'ఆటిజం ఎట్ వర్క్' అని మొదలుపెట్టింది, తర్వాత మరికొన్ని పెద్ద కంపెనీలు అలాంటివే పెట్టాయి. మంచిదే. ఇంటర్వ్యూలో కళ్ళలోకి చూడలేదని తోసేసిన మనిషికి ఉద్యోగం వస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. నా గొడవల్లా దాన్ని సమర్థించే వాదనతో. "వీళ్ళు తప్పులు బాగా పట్టుకుంటారు, టెస్టింగ్‌కి భలే పనికొస్తారు" అంటారు. మరి టెస్టింగ్‌కి పనికిరాని మా అన్నయ్య? ఏ కంపెనీ బ్రోచర్లోనూ వాడి ఫోటో పడదు. మావయ్యగారు వాడి బతుకుకి సున్నా మార్కులు వేశారు. మావాళ్ళు మార్కులు వేసే పద్ధతి మార్చలేదు, బాగా రాసేవాళ్ళని వెతికి తెచ్చారంతే.

అయితే మంచి బతుకు అంటే ఏమిటి? దీని మీద రెండున్నర వేల ఏళ్ళుగా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. టూకీగా చెప్పాలంటే మూడు జవాబులున్నాయి. ఒకటి, సుఖం ఎక్కువా దుఃఖం తక్కువా ఉంటే మంచి బతుకు. రెండు, మనిషి కోరుకున్నవి అతనికి దొరికితే మంచి బతుకు. మూడు, మనం కోరుకున్నా కోరుకోకపోయినా కొన్ని వస్తువులు ఉండి తీరాలి: స్నేహం, ప్రేమ, జ్ఞానం వగైరా. మొదటి రెండింటి ప్రకారం మా అన్నయ్య బతుకు మంచిది కాకపోవడానికి కారణమే లేదు. గ్రైండర్ మీద చెయ్యేసుకున్నప్పుడు వాడి మొహం చూస్తే నెలకోసారి శాలరీ మెసేజ్ చూసుకునే నా మొహం కంటే వెయ్యి రెట్లు వెలుగుతూ ఉంటుంది.

చిక్కంతా మూడో దానితో. మిగతా మంచివన్నీ ఉన్నా స్నేహితులు లేని బతుకుని ఎవరూ కోరుకోరని అరిస్టాటిల్ అన్నాడు. ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటి మనిషి మనసు అర్థం కాదు, కాబట్టి నిజమైన స్నేహం కుదరదు, కాబట్టి అది పూర్తి బతుకు కాదు అని లాగుతారు. దీనికి సాక్ష్యంగా చూపించేది 1985లో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, యూటా ఫ్రిత్ చేసిన ప్రయోగం. రెండు బొమ్మలు, శాలీ, ఆన్. శాలీ గోళీని తన బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది, ఆన్ దాన్ని తీసి తన పెట్టెలో దాస్తుంది. శాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? బుట్టలో అని చెబితే శాలీ మనసులో ఏముందో తెలిసినట్టు. 20 మంది ఆటిజం పిల్లల్లో 16 మంది తప్పు చెప్పారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు, మామూలు చిన్నపిల్లలు ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. అంతే, ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మనసు తెలీదని ముద్ర పడిపోయింది. సరిగ్గా చెప్పిన ఆ నలుగురి సంగతి ఎవరికీ గుర్తులేదు.

మనలో కొంతమందికైనా గుర్తుండే ఉంటుంది, పాత విండోస్‌లో తెలుగు సైటు తెరిస్తే అన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి. డబ్బాలు చూసి "ఈ రాసినవాడికి భాష రాదు" అనుకున్నామా? లేదు. మన మెషిన్లో ఫాంటు లేదు అనుకున్నాం, వేసుకున్నాం, చదువుకున్నాం. 2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయనకీ ఆటిజం ఉంది, దాదాపు ఇదే చెప్పాడు. అర్థం కాకపోవడం అటూ ఇటూ ఉంది, తప్పు మాత్రం ఒక్కవైపే వేస్తున్నారు అని. దాన్ని 'డబుల్ ఎంపతీ ప్రాబ్లం' అన్నాడు.

2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం దీన్ని పరీక్షించింది. మనం చిన్నప్పుడు ఆడుకున్న చెవిలో మాట ఆటలాంటిదే, ఎనిమిదేసి మంది వరస, మొత్తం 72 మంది. కథ ఒకరి నుంచి ఒకరికి చేరాలి. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే ఉన్న వరసలో కథ ఎంత చేరిందో, అందరూ లేనివాళ్ళే ఉన్న వరసలోనూ అంతే చేరింది. ఇద్దర్నీ కలిపిన వరసలో మాత్రం ఎక్కువ కారిపోయింది. ఈ ఫలితం నా వాదనకి భలే నప్పుతుంది, కానీ ఇక్కడితో ఆపేస్తే మోసం. 2025లో అదే బృందం 300 మందికి పైగా తీసుకుని మళ్ళీ చేస్తే కలిపిన వరసల్లో కూడా తేడా రాలేదు. అన్ని వరసలూ సమానమే. సరే, కానీ రెండింట్లోనూ రానిది ఒకటుంది: ఆటిజం ఉన్నవాళ్ళు మాట అందించలేరు అన్న ఫలితం. వీళ్ళంతా మాటలొచ్చిన పెద్దవాళ్ళు, మా అన్నయ్యలాంటివాళ్ళు కాదు, అదీ ఒప్పుకుంటా. వాడికి నా దగ్గరున్న సాక్ష్యం నా చొక్కా పట్టుకుని లాగడమే. నాకు అర్థం కాలేదని తెలిసి ఇంకోలా చెప్పాడు చూడండి, ఎదుటివాడి మనసు తెలియడం అంటే అది కాదా?

ఇప్పుడు నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన పేపర్‌తోనే ఆటిజం అన్న పేరు ఈ అర్థంలో నిలబడింది. అందులో మొదటి కేసు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. మూడేళ్ళ వయసులో డాక్టర్ల సలహా మీద ఒక సంస్థలో పడేశారు. ఏడాది తిరిగేసరికి తల్లిదండ్రులు మనసు మార్చుకుని ఇంటికి తెచ్చేసుకున్నారు. ఆ కుర్రాడు డిగ్రీ చదివాడు, ఊళ్ళో బ్యాంకులో దశాబ్దాలపాటు పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒక్కడే దేశాలు తిరిగొచ్చాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. ముసలితనంలో ఆయన్ని వెతుక్కుంటూ జర్నలిస్టులు వెళ్తే, మావాణ్ణి ఇబ్బంది పెడితే ఊరుకోం అని ఊళ్ళోవాళ్ళు హెచ్చరించారట.

మిగతా పిల్లల సంగతి? 1971లో కానర్ ఆ 11 మందీ ఏమయ్యారో వెతికి మళ్ళీ ఒక పేపర్ రాశాడు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పడిన పిల్లలు ఉన్న కాస్త చురుకూ పోగొట్టుకుని మూలకి చేరారు. అక్కడ చేర్చడమంటే దాదాపు యావజ్జీవ శిక్ష వెయ్యడమే అని ఆయనే బాధపడ్డాడు. పేరు పెట్టిన డాక్టరు ఒక్కడే, పెట్టిన పేరు ఒక్కటే. ఒకడు 89 ఏళ్ళు ఊరిమధ్య బతికాడు, ఇంకొకడు మూల గదిలో వాడిపోయాడు.

డోనాల్డ్‌కి మాటలు వచ్చాయి. వాళ్ళది డబ్బున్న కుటుంబం, ఆ బ్యాంకే వాళ్ళది. తెల్లవాళ్ళు. ఇవన్నీ నిజమే, పిల్లలందరూ ఒకే రకం అని కూడా నేను అనను. కానీ డబ్బు కొనిపెట్టింది ఆటిజం నయం కావడాన్ని కాదు. ఆయన చివరిదాకా ఆటిజంతోనే ఉన్నాడు. కొన్నది చోటు, పని, చుట్టూ తెలిసిన మనుషులు. ఇవి అసాధ్యమైన వస్తువులు కావు, మనం ఇవ్వనివి అంతే.

ఇవ్వకపోగా మనం ఏం అమ్ముతున్నాం? 'నార్మల్' చేసేస్తాం అని అమ్ముతున్నాం. ఈ వ్యాపారానికి మూలపురుషుడు ఇవార్ లోవాస్. 1987లో ఆయన పేపర్ పెద్ద సంచలనం. 19 మంది చిన్నపిల్లలకి వారానికి 40 గంటల శిక్షణ, అందులో 9 మంది 'నార్మల్' అయిపోయారు అన్నాడు. నార్మల్ అంటే? ఐక్యూ మామూలుగా రావడం, మామూలు బడిలో ఒకటో తరగతి పాసవడం. ఆ శిక్షణలో గట్టిగా కసరడం, అప్పుడప్పుడు తొడ మీద కొట్టడం కూడా భాగమే. అంతకుముందు 1960ల్లో ఆయన కరెంటు షాకులు కూడా ఇచ్చాడు. ఏ గుంపులో ఎవరుండాలో చీటీ వేసి పంచలేదు కాబట్టి ఆ లెక్క మీద అప్పట్నించీ విమర్శలున్నాయి. నాకు లెక్క కంటే కొలత మీద కోపం. ఆ పిల్లలు సంతోషంగా ఉన్నారా అన్నది అందులో కొలవనే లేదు. టెస్ట్ కేసే తప్పు రాసుకుంటే పాస్ అయిందని చంకలు గుద్దుకుని ఏం లాభం?

ఆ కాలం పోయిందిలే, ఇప్పుడు కొట్టరు అంటారా? చాలాచోట్ల కొట్టరు, నిజమే. కానీ "మీవాడు చేతులు ఊపడం మాన్పించేస్తాం, కళ్ళలోకి చూడటం నేర్పించేస్తాం" అని ఫీజులు గుంజే సెంటర్లు మన ఊళ్ళలో ఎన్ని లేవు? పెద్దమ్మ కూడా వాడి చిన్నప్పుడు అలాంటి ఒకచోట గాజులు తాకట్టు పెట్టి డబ్బు కట్టింది. ఏడాది తర్వాత వాడు నేర్చుకున్నది, చేతులు ఊపాలనిపిస్తే కిందేసుకుని కూర్చోవడం. అలా కూర్చోవడం మొదలుపెట్టాకే చెయ్యి కొరుక్కోవడం మొదలైందని పెద్దమ్మ అంటుంది. కారణం అదేనని నేను నిరూపించలేను, కానీ ఆవిడ ఆ మాట ఊరికే అనదు. ఇక స్టెమ్ సెల్ బాపతు వాళ్ళు వేరు. 2022 డిసెంబర్లో జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం, ఆటిజానికి స్టెమ్ సెల్స్ సిఫార్సు చెయ్యం, ప్రచారం చేసుకుంటే వృత్తి దుష్ప్రవర్తన కింద లెక్క అని స్పష్టంగా చెప్పింది. ఎవరైనా మీకు ప్యాకేజీ చెబితే లేచొచ్చెయ్యండి.

అయితే ఏ వైద్యమూ వద్దా? ఇది న్యాయమైన ప్రశ్న. నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే: ఇది ఎవరి బాధ తగ్గించడానికి? ఫిట్స్ వస్తే మందులు వెయ్యాలి. నిద్ర పట్టకపోతే, కడుపునొప్పైతే, చెయ్యి కొరుక్కుంటే కారణం వెతికి తగ్గించాలి. అది వాడి బాధ. బాత్రూంకి వెళ్ళడం, రోడ్డు దాటడం, బొమ్మ చూపించో సైగ చేసో 'వద్దు' అని చెప్పడం నేర్పాలి. అది వాడి బలం. చేతులు ఊపడం, చుట్టాలొస్తే నమస్కారం పెట్టకపోవడం, తువ్వాలు పట్టుకు తిరగడం... ఇది మన సిగ్గు. మన సిగ్గుకి వాడికి వైద్యం ఏమిటి?

ఇక చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం అన్న మాటే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చాక గుర్తింపు మొదలైంది. 2016 చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం చేరింది. సర్టిఫికెట్ కోసం వాడే కొలబద్ద మన సికింద్రాబాద్ సంస్థలోనే తయారైంది, 40 అంశాలు. కళ్ళలోకి చూస్తాడా, ఒంటరిగా ఉంటాడా, ఇలా ఉంటాయి. వాడికి ఏమిష్టం అని ఒక్క అంశమూ లేదు. అది ఆ కాగితం తప్పు కాదు, దాని పని ఎంత శాతమో చెప్పడమే. తప్పు ఎక్కడంటే, వాడి గురించి మన దగ్గరున్న రాతంతా ఆ ఒక్క కాగితమే కావడం. పెద్దవాళ్ళకి కలిసి ఉండే ఇళ్ళ కోసం నేషనల్ ట్రస్ట్ 'ఘరౌందా' అని పథకం పెట్టింది, పేరు బాగుంది. మీ జిల్లాలో అలాంటి ఇల్లు ఒకటి చూపించండి, నేనే వచ్చి చూస్తాను.

మా వృత్తిలో 'బస్ ఫ్యాక్టర్' అని ఒక మాట ఉంది. టీంలో ఎంతమందిని బస్సు గుద్దేస్తే ప్రాజెక్టు ఆగిపోతుంది అన్న లెక్క. ఒక్కడు పోతే ఆగిపోయేట్టుంటే బస్ ఫ్యాక్టర్ ఒకటి. అలాంటి ప్రాజెక్టు ఏ మేనేజరూ నడవనివ్వడు. రెండోవాణ్ణి పెట్టు, డాక్యుమెంట్ రాయి అని ప్రాణాలు తోడేస్తాడు. రెండు వేల లైన్ల కోడ్‌కి ఇంత జాగ్రత్త తీసుకునే మనం, ఒక మనిషి బతుకుని 63 ఏళ్ళ ఒక్క ఆడమనిషి మీద పెట్టి, ఆవిడ ఓర్పుకి దణ్ణాలు పెట్టి ఇంటికెళ్ళిపోతాం. 'ఒక్కరోజు ముందు' అన్న ప్రార్థన పుట్టేది ఆటిజం లోంచి కాదు. బస్ ఫ్యాక్టర్ ఒకటి కావడం లోంచి.

"చెప్పడం తేలిక బాబూ, చేసేవాళ్ళకి తెలుస్తుంది" అంటారని తెలుసు. ఐదు రోజులు చేసి హడలిపోయినవాణ్ణి, నాకు తెలుసు. 32 ఏళ్ళు చేసిన మనిషి ముందు నేనేం మాట్లాడతాను? అందుకే పెద్దమ్మకి నీతులు చెప్పడం లేదు, మనకి చెబుతున్నా. ఆవిడ అలిసిపోయిందంటే అది వాడి బతుకు బాగాలేదనడానికి సాక్ష్యం కాదు. పదిమంది మొయ్యాల్సింది ఒక్కరు మోస్తున్నారనడానికి సాక్ష్యం. ఇంకో సంగతి, చెయ్యి కొరికే రోజులున్నాయి కాబట్టి అది బతుకు కాదంటే, డెడ్‌లైన్ ముందు నా బతుకూ బతుకు కాదు. అంతెందుకు, మావయ్యగారి షుగరు, మోకాళ్ళ నొప్పులు, కొడుకు ఫోన్ చెయ్యడన్న దిగులు లెక్కేసి ఆయనది బతుకు కాదని ఎవరైనా అన్నారా?

ఆపరేషన్ తర్వాత మేము చేసింది పెద్దదేం కాదు. పెద్దమ్మ దగ్గర కూర్చుని ఆవిడ చెబుతుంటే ఒక రెండొందల పేజీల నోట్‌బుక్కులో రాశాను. ఏం తింటాడు, ఎలా తింటాడు, ఏ చప్పుడుకి ఏం చేస్తాడు, నొప్పి ఉంటే ఎక్కడ పట్టుకుంటాడు, పడుకునే ముందు ఏ వరసలో ఏం జరగాలి. ఆ పుస్తకం ఫోటోలు కజిన్స్ అందరి దగ్గరా ఉన్నాయి. నలుగురం మూడు నెలలకి ఒకరు చొప్పున తణుకు వెళ్ళి నాలుగు రోజులుంటాం. ఒకడు మానేశాడు, పెళ్ళయింది కుదరట్లేదన్నాడు. మా వదిన ఒకావిడ మాత్రం మాకంటే బాగా నేర్చుకుంది, ఆవిడ వస్తే వాడు తనంతట తనే తువ్వాలు తెచ్చి ఇస్తాడు. బస్ ఫ్యాక్టర్ ఇప్పుడు నాలుగు. పెద్దమ్మ ఇంకా ఆ దణ్ణం పెట్టుకుంటోందో లేదో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. కానీ పోయిన కార్తీకమాసంలో మా అమ్మతో కలిసి మూడు రోజులు అన్నవరం వెళ్ళొచ్చింది. వాడు పుట్టాక వాడు లేకుండా ఊరు దాటడం ఆసుపత్రి తర్వాత అదే మొదటిసారి.

చివరగా మావయ్యగారికి. అయ్యా, ఆ రోజు పెళ్ళిలో వాడు అందరికీ దూరంగా ఒక్కడే కూర్చున్నాడని మీరు జాలిపడ్డారు. ఆ కుర్చీ అక్కడ వేసింది నేనే. బ్యాండు మేళానికి దూరం. పైగా ఆ షామియానా గుడ్డ వెనకాల వంటవాళ్ళు గారెల పిండి రుబ్బుతున్నారు, పెద్ద గ్రైండరు. వాడి చెయ్యి గుడ్డ కిందనుంచి దాని మీదే ఉంది, మీకు కనిపించలేదు. పందిట్లో మూడొందల మందిమి ఫోటోకి వరసలో నిలబడి, పప్పులో ఉప్పు తక్కువైందని గొణుక్కుంటూ, రైలు టైమైపోతోందని వాచీ చూసుకుంటున్నాం. ఆ గంటలో ఎవరి బతుకు బాగుందో మీరే చెప్పండి.

ఈసారి తణుకు వైపు వస్తే ఒక నాలుగు రోజులు ఉండి వెళ్ళండి. నోట్‌బుక్కు ఫ్రిజ్ పైన ఉంటుంది.